ఇంటిపేరులోని ఊరు

తెలుగునాట ఏ యింటికి పోయినను పిల్లలు తమ బంధువులను ఊళ్ల పేర్లతో పిలుచుట వినవచ్చును. ఆదోని అత్త, కర్నూలు మామ, బళ్లారి పెద్దమ్మ, గుంతకల్లు బాబాయి – ఇట్లు. అయితే ఆదోని అత్తను ఆదోనిలో ఎవ్వరును ఆదోని అత్త యనరు. అక్కడ నున్నవారందఱును ఆదోనివారే కదా! ఆమె కోసిగిలోని పుట్టింటికి వచ్చినప్పుడే ఆ పేరు పనికివచ్చును. పల్లెలలో కోడండ్రకు సైతము పుట్టినూరి పేరే పిలుపుపేరు. ఆలూరినుండి కాపురమునకు వచ్చిన యామె ఇరుగుపొరుగువారికి ఆలూరామె. ఆలూరిలో మాత్రము ఆమె మఱెవ్వరి కూతురో. ఈ చిన్న విషయములో మన యింటిపేర్ల చరిత్ర చాలవఱకు ఇమిడియున్నది. ఊరి పేరు మనుష్యునకు అంటుకొనుట ఆ యూరిలో నున్నప్పుడు కాదు, ఆ యూరు దాటిన తరువాత.

తెలుగువారి యింటిపేర్లు అనేక విధములు. కొన్ని వృత్తిని, ఉద్యోగమును తెలుపును. కొన్ని పూర్వపురుషుని పేరును నిలుపును. మఱికొన్ని చెట్లు, ధాన్యములు, జంతువులు, గృహోపకరణములు. చింతా, వేముల, తుమ్మల, కందుల, మిరియాల, ఆవుల, మేకల, గుఱ్ఱాల – ఇట్టివి మనకు నిత్యపరిచితములు. ప్రొద్దుటూరు శతావధాని వేంకటశేషశాస్త్రిగారి యింటిపేరు గడియారము. 1909వ సంవత్సరమున ఎడ్గార్ థర్‌స్టన్, రంగాచారిగారి సహాయముతో, దక్షిణ హిందూదేశపు కులములను గూర్చి ఏడు సంపుటముల గ్రంథమును ప్రకటించి, అందు ఇట్టి యింటిపేర్లను కులముల వారీగా పట్టికలు వేసి చూపెను. ఇన్ని విధములున్నను, వాడుకలో మిక్కిలి విస్తారముగా కానవచ్చునవి ఊళ్ల పేర్లనుండి పుట్టిన యింటిపేర్లే. నేటి ప్రసంగము వానిని గూర్చియే.

ఊరి పేరు ఇంటిపేరుగా మాఱునప్పుడు భాష దానిని కొంచెము దిద్దుకొనును. ఆలూరు అనునది ఆలూరి యగును. కల్లూరు కల్లూరి యగును. పాడు అని ముగియు పేరు పాటి యగును. వేములపాడు వేములపాటి యైనట్లు. ఇల్లు ఇంటి యగుట, నాడు నాటి యగుట ఎట్లో ఇదియు అట్లే. ఆలూరి అనగా ఆలూరునకు సంబంధించిన అని యర్థము. ఆలూరి వారు అను మాటలో ‘వారు’ అణగిపోయి, ‘ఆలూరి’ మాత్రము పేరునకు ముందు నిలిచినది. కోసిగి, ఆదోని, నంద్యాల, కడప వంటి పేర్లకు ఈ మార్పు అక్కఱలేదు; ఉన్నవి ఉన్నట్లుగనే ఇంటిపేర్లు కాగలవు.

ఈ యాచారము ప్రాచీనమైనది. భాగవతమును తెనిగించిన పోతన యింటిపేరు బమ్మెర; ఆ పేరు గల గ్రామము నేటి జనగామ జిల్లాలో కలదు. పదకవితాపితామహుడగు అన్నమాచార్యులు (1408–1503) పుట్టినది రాజంపేటకు సమీపమునందలి తాళ్లపాకలో. ఆయన తిరుమల చేరి వేంకటేశ్వరుని కొలిచెను. కొండమీద ఆయన సంతతివారు తాళ్లపాకవారైరి. తాళ్లపాకలోనే యుండిపోయినచో వారికి ఆ పేరుతో నిమిత్తమే యుండెడిది కాదు.

ఇటీవలి కాలపు పెద్దలను చూచినను ఇదియే తేలును. సంగీతసాహిత్య విద్వాంసులగు అనంతకృష్ణశర్మగారు (1893–1979) అనంతపురము జిల్లాలోని రాళ్లపల్లికి చెందినవారు. మైసూరులోను తిరుపతిలోను జీవితమును గడపి, ఆ చిన్న పల్లె పేరును దేశమంతటను వినిపించిరి. శివతాండవ కర్తయగు నారాయణాచార్యులుగారు (1914–1990) పుట్టినది చియ్యేడులో, చిరకాలము నివసించినది ప్రొద్దుటూరులో, ఇంటిపేరు మాత్రము పుట్టపర్తి. పుట్టినచోటు ఒకటి, పెరిగి పేరొందినచోటు ఒకటి, పేరులోని యూరు మఱియొకటి. రాధాకృష్ణన్‌గారు (1888–1975) పుట్టినది తిరుత్తణిలో. వారి పూర్వులది నెల్లూరు ప్రాంతమునందలి సర్వేపల్లి. తమిళనాట పుట్టి, రాష్ట్రపతియై ఢిల్లీలో నివసించిన ఆ తత్త్వవేత్త పేరునకు ముందు ఆ నెల్లూరు పల్లె కడవఱకు నిలిచియుండెను.

ఈ విషయము తేటపడుటకు బళ్లారి నాటకరంగమున మంచి యుదాహరణ మున్నది. ఆంధ్ర నాటకపితామహుడని పేరొందిన రామకృష్ణమాచార్యులుగారు (1853–1912) ధర్మవరము వారు. ఆయన బళ్లారిలో న్యాయవాదియై యుండి నాటకములు వ్రాసిరి. ఆయన మేనల్లుడు రాఘవాచార్యులు (1880–1946) తాడిపత్రిలో పుట్టెను, ఇంటిపేరు తాడిపత్రి. ఆయనయు బళ్లారిలో న్యాయవాదియై, నటుడై, తుదకు బళ్లారి రాఘవగా లోకమున ప్రసిద్ధుడయ్యెను. మేనమామ ధర్మవరమువాడు, మేనల్లుడు తాడిపత్రివాడు, ఇరువురును ఉన్నది బళ్లారిలో. రాఘవను తాడిపత్రివాడని చెప్పవలసిన యవసరము బళ్లారివారికి. బళ్లారివాడని చెప్పవలసిన యవసరము మద్రాసువారికి. ఆయన నాటకములతో ఊరూరు తిరిగెను గనుక రెండవ పేరే నిలిచినది. ఒకే మనుష్యునియందు పాత యింటిపేరును, క్రొత్తగా పుట్టుచున్న యింటిపేరును ప్రక్కప్రక్కనే చూడగలుగుట అరుదు.

దీనికి అపవాదములు లేకపోలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రథమ ఉపాధ్యక్షులగు రామలింగారెడ్డిగారు (1880–1951) చిత్తూరు చెంతనున్న కట్టమంచిలోనే పుట్టిరి, ఆ పేరునే ధరించిరి. పేరు బయటిలోకమునకు తెలిసిన కొలది ఊరిలో నున్నవారికిని ఊరి పేరు అంటుననుట కిది నిదర్శనము. మఱియొక దిక్కున, 1847వ సంవత్సరము ఫిబ్రవరి 22వ తేదీన కోవెలకుంట్లలో ఉరితీయబడిన నరసింహారెడ్డి యింటిపేరు మజ్జారి. కాని జనులు ఆయనను ఉయ్యాలవాడ నరసింహారెడ్డిగానే యెఱుగుదురు. ఊరి పేరు అసలు యింటిపేరును మఱుగుపఱచుట కిది నిదర్శనము.

ఈ పద్ధతి మన దేశమున తెలుగువారికే పరిమితము కాదు. మహారాష్ట్రులు ఊరి పేరునకు ‘కర్’ అను ప్రత్యయము చేర్చి పేరు చివర నుంచుదురు. రేడియో వినువారికి చిరపరిచితురాలగు లతా మంగేష్కర్ (1929–2022) యింటిపేరు గోవాలోని మంగేశి యను గ్రామమునుండి వచ్చినది. ఆమె తండ్రి దీనానాథ్‌గారి స్వగ్రామ మది. కన్నడ దేశమునందును ఊరి పేరు మనుష్యుని పేరుతో చేరియుండుట సామాన్యము. కోసిగి వంటి సరిహద్దు ఊళ్లలో ఈ రెండు భాషల ఆచారములును కలసిమెలసి యుండును.

సముద్రములు దాటి ఐరోపాఖండమునకు పోయినను ఇట్టి వృత్తాంతమే వినవచ్చును. అందు బెర్గ్ అను ఇంటిపేరును గైకొందము. ఈ మాటకు జర్మను భాషలో పర్వతమనియు, నార్వే, స్వీడను దేశముల భాషలలో కొండ, గుట్ట యనియు అర్థము. నార్వే దేశమున ఊళ్లు మనవలె గుంపుగా నుండవు. ఒక్కొక్క కమతమునకు ఒక్కొక్క పేరు. అందు కాపురమున్నవారు తమ పేరునకు తండ్రి పేరును, కమతము పేరును చేర్చుకొనెడివారు. గుట్టమీది కమతము బెర్గ్, అందున్నవాడు బెర్గ్‌వాడు. వాడు ఆ కమతమును విడిచి మఱియొక దానికి పోయెనా, పేరును మాఱెడిది. అనగా వారికి ఆ పేరు మనము నేడు వ్రాసికొను చిరునామావంటిది. 1923లో చేసిన శాసనముతో ఒక్కొక్క కుటుంబమునకు స్థిరమైన యింటిపేరు ఏర్పడినది. డెన్మార్కులో 1828లోను, స్వీడనులో 1901లోను ఇట్టి కట్టుబాట్లు జరిగెను. ఐస్‌లాండులో మాత్రము నేటికిని తండ్రి పేరో తల్లి పేరో చేర్చి వ్యవహరించుటయే గాని స్థిరమైన యింటిపేర్లు స్వల్పము.

జర్మనీలో ఊరు విడిచిన వానికి ఆ యూరి పేరుతో ‘అర్’ అను ప్రత్యయము చేర్చి పిలిచిరి. న్యూరెంబర్గునుండి వచ్చినవాడు న్యూరెంబర్గర్. కొండప్రాంతమునుండి వచ్చినవాడు బెర్గర్. మన ‘ఆలూరి’లోని ‘ఇ’కారము, మహారాష్ట్రుల ‘కర్’, జర్మనుల ‘అర్’ – మూడును ఒకే పని చేయుచున్నవి. మఱియు స్వీడనులో పలువురు చెవికింపుగా నుండునని ప్రకృతికి సంబంధించిన మాటలను కూర్చి పేర్లు కల్పించుకొనిరి. లిండ్‌బెర్గ్, బెర్గ్‌స్ట్రోమ్ ఇట్టివి. ఆస్ట్రియా చక్రవర్తి రెండవ జోసెఫ్ 1787లో తన రాజ్యమునందలి యూదులందఱును స్థిరమైన జర్మను ఇంటిపేర్లు పెట్టుకొనవలెనని శాసించెను. బెర్గ్ అని ముగియు పేర్లు యూదులలో వ్యాపించుటకు ఇట్టి శాసనములును ఒక కారణము.

ఇన్ని దారులలో వచ్చుటచేత బెర్గ్ నేడు నార్వేలో మిక్కిలి వ్యాప్తమైన యింటిపేర్లలో ఒకటియైనది. స్వీడనులోను జర్మనీలోను సాధారణమే. వియన్నాకు చెందిన సంగీతకర్త ఆల్బన్ బెర్గ్ (1885–1935), నార్వే ఉన్నత న్యాయస్థానాధ్యక్షుడై రెండవ ప్రపంచయుద్ధకాలమున జర్మను ఆక్రమణ నెదిరించిన పోల్ బెర్గ్ (1873–1968), రసాయనశాస్త్రమున 1980లో నోబెల్ బహుమానము పొందిన అమెరికా శాస్త్రజ్ఞుడు పాల్ బెర్గ్ (1926–2023) – ఈ మువ్వురును వేఱువేఱు వంశములవారు. కొండ యొక్కటి కాదు, కొండలు వేలకొలది. పేరొక్కటియైనంత మాత్రమున వంశమొక్కటి కాదను పాఠము బెర్గ్ మనకు నేర్పుచున్నది.

ఆ పాఠమును కోసిగికి అన్వయించి చూతము. కర్నూలు జిల్లాలో గుట్టల నడుమ, రాయచూరికి పోవు రైలుదారిపై నున్నది మన కోసిగి. తెలంగాణమునందలి నారాయణపేట జిల్లాలో మఱియొకటి యున్నది. దానిని కోస్గి యందురు. కోసిగి యను ఇంటిపేరు గలవాడు తన పూర్వులు తుంగభద్రకు దక్షిణముననున్న కోసిగివారో, ఉత్తరముననున్న కోస్గివారో పేరునుబట్టి మాత్రమే చెప్పజాలడు. ఇంటిలోని పెద్దలు చెప్పు మాట, కులదేవత గుడి, పాత దస్తావేజు – వీనిలో ఏదో యొకటి తోడుపడవలెను. ఆలూరి, కల్లూరి వంటి పేర్ల విషయమున ఈ జాగ్రత్త మఱింత యవసరము. అట్టి పేరుగల ఊళ్లు పెక్కు గలవు.

ఇంకొక పొరపాటు కూడ తొలగించుకొనవలెను. ఒక కులమునందు ఒకే యింటిపేరు గలవారిని దాయాదులుగా నెంచి, వారిలో వారికి వివాహసంబంధములు చేయరు. ఇది పురాతనాచారము. కాని ఊరి పేరు ఆ యూరు విడిచిన వారందఱికిని సమానము. ఒకే యూరినుండి వెడలిన బ్రాహ్మణునకు, రైతునకు, సాలెవానికి, కుమ్మరికి పొరుగూరివారు ఒకే పేరు పెట్టవచ్చును. అందుచేత ఇంటిపేరు విని కులమును ఊహించువారు తఱచు తప్పుదారి పట్టుదురు. ఇంటిపేరు చెప్పునది పూర్వులు నడచివచ్చిన దారిని మాత్రమే.

అయితే మనవారు ఏల నడచిరి? రాజులు అగ్రహారము లిచ్చినప్పుడు పండితులు క్రొత్త ఊళ్లకు పోయిరి. కొలువు దొరికినచోటికి సైనికులు, లేఖకులు పోయిరి. మెట్టసీమలలో వీనికన్నిటికి మించిన కారణము వానలేమి. 1876–78 నాటి మహాక్షామము ధాత నామ సంవత్సరమున ఆరంభమై బళ్లారి, కర్నూలు, కడప మండలములను పీడించెను. ఎన్నో కుటుంబములు నశించెను, ఎన్నో తరలిపోయెను. అంతకు కొలది యేండ్ల ముందు, 1871లో, మద్రాసునుండి వచ్చు రైలుదారి బొంబాయి దారితో రాయచూరిలో కలిసినది. కరవు తఱిమినవారికి రైలుదారి దూరదేశములను దగ్గఱ చేసినది. అట్టివారి చరిత్రను ఏ కవియు వ్రాయలేదు, ఏ శాసనమును చెక్కలేదు. వారు విడిచిన యూరి పేరు వారి మనుమల పేర్లకు ముందు నిలిచి, ఆ ప్రయాణమునకు మిగిలిన ఏకైక సాక్ష్యమైనది.

ఊళ్ల సరిహద్దులు మాఱును, ఇంటిపేర్లు మాఱవు. 1800లో నిజాము ఈ సీమను ఇంగ్లీషువారి కిచ్చినప్పుడు ఇది దత్తమండల మనిపించుకొనెను. 1928లో నంద్యాల సభయందు చిలుకూరి నారాయణరావుగారు రాయలసీమ యను పేరు సూచించిరి. ఆదోని తాలూకాలోని కోసిగి చిరకాలము బళ్లారి జిల్లాలో నుండి, 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు కర్నూలు జిల్లాలో చేరినది. బళ్లారి పట్టణము మైసూరు రాష్ట్రమున చేరెను. ఒకప్పుడు ఒకే జిల్లాలోని రెండు ఊళ్లు వేఱు రాష్ట్రములవైనవి. ఐనను బళ్లారిలో ఆదోనివారును, ఆదోనిలో బళ్లారివారును ఇంటిపేర్లలో నిలిచియే యుందురు.

ఇక ఈ ప్రాంతమున ఇంటిపేరు లేనిదే గడవని నిత్యావసర మొకటి యున్నది. కోసిగికి చేరువనున్న ఉరుకుందలో నరసింహ ఈరన్నస్వామి వెలసియున్నాడు. శ్రావణమాసమున వేలకొలది జనులు అచ్చటికి పోవుదురు. అందుచేత ఈ సీమలో ఈరన్నలకు, ఈరమ్మలకు కొదువలేదు. మంత్రాలయము దగ్గఱ నుండుటచే రాఘవేంద్రులును పెక్కుమందియే. ఒక వీధిలో నలుగురు ఈరన్న లున్నప్పుడు వారిని వేఱుపఱచునది ఇంటిపేరే. ఉత్తరము వచ్చినను, బ్యాంకుకు పోయినను, పొలము కాగితములు చూచినను ఇంటిపేరు పూర్తిగా నున్నగాని ఏ ఈరన్న యనునది తేలదు.

అట్టి యింటిపేరు నేడు ఒక్క అక్షరమునకు కుదించుకొని పోవుచున్నది. బడి రిజిస్టరులో ‘కె. ఈరన్న’ యని వ్రాసినచో ఆ ‘కె’ కోసిగియో, కౌతాళమో, కల్లూరో ఎవరికి తెలియును? విదేశములకు పోవు తెలుగువారికి మఱియొక చిక్కు. అచ్చటి కాగితములలో ఇంటిపేరు కడపట నుండవలెను. మనవారిలో కొందఱు సొంతపేరునే కడపటి గడిలో వ్రాయించుకొనుటచే, వారి బిడ్డలకు తండ్రి సొంతపేరే యింటిపేరై కూర్చున్నది. నార్వేలో తండ్రి పేరు పోయి స్థిరమైన యింటిపేరు వచ్చినది. మనకు స్థిరమైన యింటిపేరు పోయి తండ్రి పేరు వచ్చుచున్నది. వందల యేండ్లు నిలిచిన యూరి పేరు ఒక్క దరఖాస్తుతో చెఱగిపోవుట విచారకరము.

స్వదేశమునందే వలసపోవు పేదవారి సంగతి ఇంతకంటె ముఖ్యము. కోసిగి, మంత్రాలయము, ఎమ్మిగనూరు ప్రాంతములనుండి వేలాది కుటుంబములు పంటకాలమున మిరపకాయలు కోయుటకు గుంటూరు సీమకును, కట్టడపు పనులకు బెంగుళూరునకును పోవును. దీనినే ఇచ్చట సుగ్గికి పోవుట యందురు. బిడ్డలు వెంటపోగా బడులలో బెంచీలు ఖాళీయగును. పోయినచోట వారికి ఇంటిపేరును లేదు, ఒంటిపేరును లేదు. అందఱును కలిసి కర్నూలువారు. పూర్వము ఊరి పేరు పెట్టినవారు ఇరుగుపొరుగువారు. ఆ పేరుతో వారితో స్థిరముగా కలిసిమెలిసి బ్రతికిరి. నేడు కొన్ని మాసములకే వచ్చిపోవు కూలివానికి ఆ పొరుగు ఏర్పడదు. కావున పేరును ఏర్పడదు. వానికి ప్రమాదము కలిగినను, కూలి బాకీపడినను, వాని పేరు పూర్తిగా ఎచ్చటనైన వ్రాసియున్నదా యనునదే మొదటి ప్రశ్న. పూర్తి పేరు, ఊరు వ్రాసిన చీటి యొకటి వానియొద్ద నుండుట అలంకారము కాదు, రక్షణ.

కావున గృహస్థులు చేయదగిన పని యొకటి కలదు. ఇంటిలోని వృద్ధులనడిగి ఇంటిపేరు ఏ యూరినుండి వచ్చినదో, ఏ తరమువారు ఏ కారణమున కదలిరో, ఇంటి కోడండ్ర పుట్టినూళ్లు ఏవో ఒక పుస్తకమున వ్రాసియుంచవలెను. స్త్రీల పుట్టింటి పేర్లు పెండ్లితో మఱుగుపడుట మన యాచారములోని లోపము. వానిని వ్రాసినచో ఆ లోపము కొంత తీఱును. బిడ్డను బడిలో చేర్చునప్పుడు ఇంటిపేరును అక్షరముగా గాక పూర్తిగా వ్రాయింపవలెను. సుగ్గికి పోవువారి బిడ్డలకు ఉపాధ్యాయులు ఈ సహాయము చేయుట మఱింత మేలు. ఖర్చులేని పని; పావుగంట చాలును. ఆ వృద్ధులున్నప్పుడే అడుగవలెను.